రంగు చూసి అంకె చెప్పిన రోజులు

భీమవరంలో ఒక డాక్టరుగారి నర్సింగ్ హోము వెనక, మెట్ల కింద గదిలో ఉండేది మా ల్యాబు. ఆరడుగుల వెడల్పు, పదడుగుల పొడవు. కరెంటు పోతే పని కుంటుపడేదిగానీ ఆగేది కాదు. ఉత్తరం వైపు కిటికీ మూసేస్తే మాత్రం ఆగిపోయేది. మనిషి ఒంట్లో రక్తం ఎంతుందో ఆ కిటికీ వెలుగులోనే తేలాలి. ఎండ నేరుగా పడితే రంగు తేలిపోతుంది, బల్బు కింద పసుపు తోస్తుంది. ఎండ పడని ఉత్తరపు వెలుగు ఒక్కటే పొద్దున్నుంచి సాయంత్రందాకా నిలకడగా ఉంటుంది. 1981లో ఆ గదిలో చేరాను. పందొమ్మిదేళ్ళు ఆ కిటికీ దగ్గరే నిలబడి పనిచేశాను.

హిమోగ్లోబిన్ చూసే సామాను పేరు సాలీ డబ్బా. అరచేతిలో పట్టేంత నల్లటి చట్రం. అందులో రెండు పక్కలా గోధుమరంగు గాజు, మధ్యలో గొట్టం నిలబెట్టే ఖాళీ. ఆ గాజు రంగు మారదు, కొలత అదే. గొట్టంలో 20 గుర్తుదాకా పలచటి హైడ్రోక్లోరిక్ ఆసిడ్ పోసుకోవాలి. వేలు పొడిచి, మొదటి చుక్క దూదితో తుడిచేసి, రెండో చుక్కను సన్నటి పిపెట్టులోకి 20 ఘన మిల్లీమీటర్ల గీతదాకా నోటితో పీల్చాలి. పిపెట్టు మొనకు బయట అంటుకున్నది తుడిచేసి, లోపలిదాన్ని ఆసిడ్ అడుక్కి మెల్లిగా ఊదాలి. ఎర్రటి రక్తం కళ్ళముందే గోధుమరంగుకు తిరుగుతుంది. పది నిమిషాలు ఆగి, డిస్టిల్డ్ వాటరు చుక్క చుక్కగా వేస్తూ, గాజుకడ్డీతో కలుపుతూ, పక్క గాజుల రంగుతో కలిసేదాకా పలచన చేయాలి. కలిసినచోట మట్టం ఏ గీత దగ్గరుందో అదే హిమోగ్లోబిన్.

నాకీ పని నేర్పిన మాస్టారు తెల్ల పంచె, పొడుగు చేతుల చొక్కా వేసుకుని వచ్చేవారు. ‘రంగు కలిసిందని అక్కడే ఆగిపోకురా అబ్బాయ్. ఇంకొక్క చుక్క వెయ్యి. పలచబడిపోయిందా, అంతకుముందుదే అసలు అంకె. పలచబడకపోతే నువ్వు తొందరపడ్డావన్నమాట’ అనేవారు. ఆ ఒక్క చుక్క ఎక్కువ వేసే అలవాటు నా చేతికి జీవితాంతం ఉండిపోయింది.

వరినాట్ల రోజుల్లో ఒక మధ్యాహ్నం ఏడో నెల గర్భిణిని వాళ్ళ అత్తగారు తీసుకొచ్చింది. వేలు పొడిస్తే వచ్చిన చుక్క దానిమ్మ రసంలో నీళ్ళు కలిపినట్టుంది. ఆసిడ్‌లో కలిపితే టీ డికాక్షను రంగు కూడా రాలేదు. నాలుగు చుక్కలు వేసేసరికి గాజు రంగుతో కలిసిపోయింది. నమ్మకం కుదరక రెండో వేలు పొడిచాను. రెండుసార్లూ ఐదున్నర గ్రాములే. గర్భిణికి 11 గ్రాములైనా ఉండాలి. చీటీ రాసి పరుగున వెళ్ళి డాక్టరుగారికిచ్చాను, ఆయన వెంటనే రక్తమెక్కించే పెద్దాసుపత్రికి పంపించారు. బయట బల్ల మీద కూర్చున్న అత్తగారు, ‘ఊరికే కూలబడిపోతుంటే పనికి బద్ధకమనుకున్నానండి’ అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడది చెడ్డ మనసు కాదు. చూడాల్సిన అంకె అంతదాకా ఎవరూ చూడలేదు. ఆ పరీక్షకు మేం తీసుకున్నది మూడు రూపాయలు.

రక్తపరీక్షల చరిత్ర ఎవరైనా అడిగితే నేను రంగుల చరిత్రే చెబుతాను. రక్తం ఎరుపు చూసి పెద్దగా ఏమీ చెప్పలేం. దాన్ని మరో రంగులోకి తిప్పితేగాని లోపలున్నదేమిటో బయటపడదు. ఏ మందు కలిపితే ఏ రంగు వస్తుంది, ఎంత చిక్కగా వస్తుంది, దాన్ని దేనితో పోల్చాలి అన్నదాని చుట్టూ నూరేళ్ళకు పైగా పెద్దపెద్దవాళ్ళు కళ్ళు పొడుచుకుని చూశారు. హెర్మన్ సాలీ స్విట్జర్లాండులో బెర్న్ నగరం డాక్టరు. గోధుమరంగు గాజుతో పోల్చే పద్ధతిని 1902లో ఆయన బయటపెట్టాడు. అంతకు పదహారేళ్ళ ముందు, 1886లో, కోనిగ్స్‌బర్గ్‌లో మాక్స్ యాఫే పసుపుపచ్చటి పిక్రిక్ ఆసిడ్‌లో క్షారం వేసి క్రియాటినిన్ కలిపితే నారింజరంగు వస్తుందని గమనించాడు. మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయో తెలుసుకోడానికి ఈనాటికీ ఎన్నో ల్యాబుల్లో నడుస్తున్నది ఆ నారింజరంగే. పిక్రిక్ ఆసిడ్ వేళ్ళకు అంటితే వారందాకా వదలదు. నా పెళ్ళి ఫోటోలో తలంబ్రాలు పట్టుకున్న నా కుడిచేతి వేళ్ళు పచ్చగా ఉన్నది పసుపు వల్ల మాత్రమే కాదు.

రంగుతో తేలనివాటిని లెక్కపెట్టేవాళ్ళం. రక్తకణాలను మొదటిసారి పద్ధతిగా లెక్కపెట్టినవాడు కార్ల్ వీరోర్ట్ అనే జర్మన్, 1852లో. మా చేతికొచ్చేసరికి అది న్యూబాయర్ చాంబరు. మందపాటి గాజుపలక మీద కంటికి కనిపించనంత సన్నటి గళ్ళు. తెల్లకణాలకు తెల్లపూస ఉన్న పిపెట్టు, ఎర్రకణాలకు ఎర్రపూస ఉన్న పిపెట్టు. తెల్లకణాలకైతే 0.5 గీతదాకా రక్తం, 11 గీతదాకా టర్క్ ద్రావకం, అంటే 20 వంతుల పలచన. నాలుగు మూలల గళ్ళల్లో ఉన్నవాటిని లెక్కపెట్టి 50తో హెచ్చవేస్తే టి.సి., అంటే తెల్లకణాల మొత్తం లెక్క వస్తుంది. గీత మీద పడ్డ కణాన్ని ఏం చేయాలి? పైగీత, ఎడమగీత మీద ఉన్నవి లెక్కలోకి, కిందగీత, కుడిగీత మీదవి వదిలెయ్యాలి. లేకపోతే ఒకే కణాన్ని రెండు గళ్ళు పంచుకుంటాయి. తెల్లకణాలను జాతులవారీగా విడదీసే డి.సి.కి లీష్మన్ రంగు వేసిన స్లైడు మీద నూరు కణాలు చూసి, ఏ జాతివి ఎన్నో చిత్తుకాగితం మీద నిలువు గీతలు గీసుకునేవాళ్ళం. ఐదో గీత అడ్డంగా, కిరాణా కొట్లో బస్తాలు లెక్కపెట్టినట్టు.

ఈ.ఎస్.ఆర్. గొట్టాలది ఇంకో తీరు. సిట్రేటు కలిపిన రక్తాన్ని 200 మిల్లీమీటర్ల గీతలున్న గొట్టంలో నిలువుగా నిలబెట్టి, గంటలో ఎర్రకణాలు ఎంత కిందికి దిగాయో చూడటమే. స్టాక్‌హోమ్‌లో ఫారియస్ గర్భిణుల రక్తం తొందరగా దిగుతోందని పట్టుకుంటే, 1921లో వెస్టర్‌గ్రెన్ దాన్ని క్షయ రోగుల మీద వాడి, గొట్టానికి తన పేరు మిగుల్చుకున్నాడు. మా ప్రాంతంలో సాయంత్రం జ్వరం, దగ్గు అంటే మొదట రాసే పరీక్ష అదే. గంట గడిచేదాకా ఇంటిల్లిపాదీ ఆ గొట్టాన్నే చూస్తూ కూర్చునేవారు.

ఇవన్నీ జబ్బుపడ్డవాళ్ళకు చేసిన పరీక్షలు. ఒంట్లో బాగానే ఉన్నవాడి రక్తం తీయడమనేది ఈమధ్యే కార్పొరేట్ ఆసుపత్రులు తెచ్చిన అలవాటని చాలామంది అనుకుంటారు. మా గోదావరి డెల్టాలో అది నిజం కాదు. నేను నర్సింగ్ హోముకు రాకముందు నాలుగేళ్ళు బోదకాలు నివారణ బృందంలో తిరిగాను. బోదకాలు నివారణకు దేశమంతటికీ జాతీయ కార్యక్రమం 1955లోనే మొదలైంది. మా పని రాత్రిపూట. బోదకాలు తెచ్చే పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల నాళాల్లో దాక్కుని, రాత్రి పొద్దుపోయాక వేళ్ళ చివరి రక్తంలోకి వస్తాయి. ఆ సంగతి తేల్చినవాడు ప్యాట్రిక్ మాన్సన్. చైనాలోని అమోయ్ రేవులో ఉద్యోగం చేస్తూ 1877లో ఆ పురుగును దోమ ఒంట్లో చూసినదీ ఆయనే. ఆయన ప్రోత్సాహంతోనే రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టాడు. అప్పుడు రక్తమిచ్చి, దోమల చేత కుట్టించుకున్న రోగి పేరు హుసేన్ ఖాన్. దోమకు ఒక అణా చొప్పున రాస్ అతనికి డబ్బిచ్చాడు. చరిత్ర చెప్పేటప్పుడు రాస్ పక్కన అతని పేరూ చెప్పాలి.

పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల పేటల్లో రాత్రి తొమ్మిది దాటాక బయలుదేరేవాళ్ళం. చేతిలో స్లైడ్ల పెట్టె, స్పిరిట్ సీసా, దూది, సూదులు, లాంతరు. ముందు కుక్కలు లేచేవి, తర్వాత మనుషులు. ‘ఆయ్, మాకే రోగమూ లేదండీ బాబూ, రక్తమెందుకండీ?’ అనేవారు. ‘రోగం లేనప్పుడే చూడాలి’ అని చెప్పడం నాకు చాలా కష్టంగా ఉండేది, ఎందుకంటే మొదట్లో ఆ మాట నాకూ పూర్తిగా అర్థం కాలేదు. అర్థమైంది ఒక స్లైడు చూశాక. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, కొబ్బరిచెట్లెక్కే పని, కాళ్ళు తాటిమానుల్లా గట్టిగా ఉన్నాయి. వాపు లేదు, జ్వరం లేదు. అతని రక్తపుచుక్కను రంగు వేయకముందు పచ్చిగానే సూక్ష్మదర్శినిలో పెడితే, ఎర్రకణాలను అటూ ఇటూ తోసుకుంటూ సన్నటి దారపుపోగులాంటిది మెలికలు తిరుగుతోంది. ఒకటి కాదు, ఆరు. ఆ కుర్రాడినే పిలిచి కంటికి ఆనించి చూపించాను. చాలాసేపు చూశాడు. ‘ఇవి నాలోవేనాండీ?’ అని అడిగాడు. మందు పన్నెండు రోజులు మానకుండా మింగాడు. చాలామంది మింగేవారు కాదు. పురుగు చచ్చేటప్పుడు జ్వరమొస్తుంది. ఒళ్ళు బాగున్నవాడికి మాత్రలిచ్చి జ్వరం తెప్పించారని మా మీద కోపగించుకునేవారు. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. వాళ్ళకు కనిపించనిదాన్ని చూపించకుండా మాత్రలు మాత్రం పంచితే ఎవరు నమ్ముతారు?

ఆ మాత్ర పేరు హెట్రజాన్. దాని పుట్టుక నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అమెరికాలో లెడర్లే ప్రయోగశాలల్లో పరిశోధనలు నడిపిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో వచ్చిన మందు అది. సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టింది భీమవరంలో. మా ల్యాబున్న ఊళ్ళోనే, మేం లాంతర్లు పట్టుకుని తిరిగిన పేటలకు దగ్గర్లోనే. అంతకంటే దగ్గర సంబంధం మరొకటుంది. ల్యాబు పని నేర్చుకునేటప్పుడు రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని ‘ఫిస్క్-సుబ్బారో’ అని బట్టీపట్టాను. రక్తంలోని మాంసకృత్తులను తీసేసి, మిగిలిన తేటలో మాలిబ్డేటు వేసి, ఇంకో మందు కలిపితే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎంత ఉంటే నీలం అంత చిక్కన. పుస్తకంలో ఆ పేరు ఇంగ్లీషు వాటంలో ఉండటంవల్ల అది ఏ దొర పేరో అనుకున్నాను. 1995లో ఆయన శతజయంతికి తపాలా శాఖ స్టాంపు వేసినప్పుడు మా డాక్టరుగారు చెప్పారు, ‘మీరు చేసే బ్లూ కలర్ టెస్టు ఈయనదేనండీ’ అని. ఆ రోజు స్టాంపును అంతసేపు ఎందుకు చేతిలో పట్టుకున్నానో చెప్పలేను.

1923లో సుబ్బారావు బోస్టన్ చేరాడు. అంతకుముందు మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు పట్టా తగ్గించి ఎల్.ఎం.ఎస్. ఇచ్చారు. బోస్టన్‌లో పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట అడ్డమైన పనులూ చేశాడు. తర్వాత హార్వర్డులో ఒట్టో ఫోలిన్ నడిపే జీవరసాయన విభాగంలో చేరాడు. ఈ ఫోలిన్, చైనావాడైన సియెన్ వూ కలిసి రక్తంలో చక్కెర కొలిచే పద్ధతి తయారుచేశారు. ఫోలిన్-వూ అన్న పేరు ఆ రోజుల్లో ల్యాబు చదువు చదివిన ఎవరికైనా తెలుసు. వాళ్ళు రంగును పోల్చినది డుబాస్క్ కలోరిమీటరులో. రెండు గిన్నెలు, ఒకదాంట్లో తెలిసిన ద్రావకం, ఇంకోదాంట్లో రోగిది. పైన కన్నుపెట్టి చూస్తే సగం చంద్రుడు ఇటు, సగం అటు. రెండు సగాలూ ఒకే రంగై మధ్యలో గీత మాయమైపోయేదాకా మర తిప్పాలి. సైరస్ ఫిస్క్‌తో కలిసి సుబ్బారావు ఆ నీలం పద్ధతిని 1925లో అచ్చువేయించాడు. కండరాలు బలం ఎక్కడినుంచి తెచ్చుకుంటాయో, ఆ ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. సంగతులన్నీ తర్వాత నాలుగేళ్ళలో ఈ నీలిరంగు చేయిపట్టుకునే బయటకొచ్చాయి. మర తిప్పుతూ సగం చంద్రుళ్ళను కలిపే ఆ మనిషి ఉత్తరపు కిటికీ దగ్గర నాలాగే తల వంచుకుని నిలబడి ఉంటాడని అనుకుంటే నాకు ఇప్పటికీ ధైర్యంగా ఉంటుంది.

చక్కెర పరీక్షలో నేనొక తప్పు చేశాను, అది చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. రక్తం తీశాక సీసాలో కూడా కణాలు బతికే ఉంటాయి, చక్కెర తింటూనే ఉంటాయి. గంట గంటకూ నూటికి ఐదు నుంచి ఏడు వంతులు తగ్గిపోతుంది. అది ఆపడానికే ఫ్లోరైడు వేసిన సీసా. ఒక రోజు ఫ్లోరైడు అయిపోయింది. మామూలు సీసాలో తీసి, వెంటనే చేసేద్దామనుకున్నాను. ఇంతలో కాన్పు కేసుకు రక్తం గ్రూపు చూడమని పిలిచారు. నాలుగు గంటలు గడిచాక ఆ సీసా పట్టుకున్నాను. అంకె తక్కువగా వచ్చింది. అలాగే రాసిచ్చాను. ఆ పెద్దమనిషి షుగరు లేదని సంబరపడి వెళ్ళిపోయాడు. ఆర్నెల్ల తర్వాత కాలి పుండుతో వచ్చాడు. నన్ను ఆయన ఏమీ అనలేదు, ఆయనకు తెలియదు. డాక్టరుగారికి నేనే చెప్పాను. అప్పటినుంచి సీసా మీద పేరుతోపాటు రక్తం తీసిన టైము రాయడం మొదలుపెట్టాను. ఇప్పటి ల్యాబుల్లో బార్‌కోడు ఆ పని చేస్తోంది, సంతోషం.

చక్కెరకు కూడా ఎన్ని రంగులు మార్చామో. నా చేతుల్లోనే ముందు ఆర్థోటోలుయిడిన్ ఆకుపచ్చ. ఘాటైన ఎసిటిక్ ఆసిడ్‌లో మరిగించాలి, ముక్కు మండిపోయేది, కళ్ళు నీళ్ళు కారేవి. ఆ మందు క్యాన్సరు తెస్తుందని తర్వాత తెలిసి మానేశారు. దాని వెనక ఎంజైమ్ కిట్లు వచ్చాయి, గులాబీరంగు. ఆ గులాబీరంగే కొలెస్టరాలుకూ, ట్రైగ్లిజరైడుకూ కూడా వచ్చింది. ఒక్కో పరీక్షకు ఒక్కో రంగు చూసిన కంటికి, వరసగా నిలబెట్టిన గులాబీ గొట్టాలు చూస్తే ఏదో పోగొట్టుకున్నట్టనిపించింది. కానీ వాసన లేదు, మంట లేదు, అంకె నిక్కచ్చి. అది మేలేనని ఒప్పుకోవాలి.

నోటితో పీల్చడం కూడా పోయింది, అదింకా పెద్ద మేలు. రబ్బరు గొట్టం పళ్ళమధ్య పెట్టుకుని పీల్చేటప్పుడు ఎవరైనా పలకరిస్తే రక్తం నోట్లోకి వచ్చేసేది. ఉప్పగా ఉండేది. ఉమ్మేసి, పుక్కిలించి మళ్ళీ పనిలో పడేవాళ్ళం. 1986లో మద్రాసులో హెచ్.ఐ.వి. బయటపడిందన్న వార్త పేపర్లలో చూశాక మా చేతులు వణికాయి. అప్పటిదాకా గాజు సిరంజీలు మరగబెట్టుకుని, మొద్దుబారిన సూదులు రాయి మీద సానబెట్టుకుని వాడినవాళ్ళం. మాతో పనిచేసినవాళ్ళలో కామెర్లు వచ్చి కాలేయం పాడై పోయినవారు ఉన్నారు. ఎవరి రక్తంనుంచి వచ్చిందో ఎవరూ లెక్క కట్టలేదు.

2000లో మా దగ్గరికి కణాలు లెక్కపెట్టే యంత్రం వచ్చింది. వాలెస్ కౌల్టర్ అనే అమెరికావాడు 1953లో పేటెంటు తీసుకున్న ఉపాయం అది. సన్నటి కన్నంలోంచి కణం దూరేటప్పుడు కరెంటు ఒక్క క్షణం తడబడుతుంది, ఆ తడబాటును లెక్కపెట్టడమే. నేను పావుగంట తలవంచి లెక్కపెట్టేది అది నిమిషంలో తేల్చింది. నేను చూసేది వందల్లో, అది చూసేది వేలల్లో. మొదటి వారం రోజులు ప్రతి రక్తాన్నీ చాంబరులో కూడా వేసి సరిచూశాను. అదే గెలిచింది. ఒక్కచోట తప్ప. రక్తం సీసాలో గడ్డకట్టినా, ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కున్నా, యంత్రానికి తెలియదు, తక్కువ ఉన్నాయని కొట్టేస్తుంది. స్లైడు వేసి కంటితో చూస్తే గుంపుగా కనిపిస్తాయి. డెంగీ రోజుల్లో ప్లేట్‌లెట్లు ఇరవై వేలని ఏడుస్తూ వచ్చిన తల్లికి, స్లైడు చూసి ‘ఉన్నాయమ్మా, అతుక్కున్నాయి, మళ్ళీ తీద్దాం’ అని చెప్పిన సందర్భాలు నాకున్నాయి.

ఇక ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ పరీక్షలు. ఏడాదికోసారి డాక్టరు చూడాలని 1861లోనే లండన్‌లో హొరేస్ డోబెల్ చెప్పాడు. 1951లో శాన్‌ఫ్రాన్సిస్కో రేవు కూలీల సంఘానికి ఒకేసారి వరసగా అన్ని పరీక్షలూ చేసే ఏర్పాటు జరిగింది. 1948లో మొదలైన ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం, గుండెపోటు రాకముందే రక్తంలో ఆనవాళ్ళు కనిపిస్తాయని చూపించింది. కొలెస్టరాలు అన్న మాట మా ఊరి రచ్చబండదాకా వచ్చింది ఆ దారినే. చిత్తూరు జిల్లా అరగొండలో పుట్టిన ప్రతాప్ సి. రెడ్డి 1983లో మద్రాసులో అపోలో మొదలుపెట్టాక హెల్త్ చెకప్ అన్నది మధ్యతరగతి తెలుగువాళ్ళ నోట్లో మామూలు మాటైంది. అంతకుముందు మా దగ్గరికి ఏ రోగమూ లేకుండా వచ్చేవారు ఎల్.ఐ.సి. పాలసీకో, ఉద్యోగానికో కాగితం కావలసినవారే.

ఇప్పుడు డెబ్బై ఎనభై పరీక్షల ప్యాకేజీలు వస్తున్నాయి. వాటిలో ఎరుపులో పడ్డ అంకెలు పట్టుకుని మా వీధివాళ్ళు నా దగ్గరికి వస్తారు. వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ఆ పక్కన ఇంతనుంచి ఇంతదాకా అని వేసే హద్దు ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఆరోగ్యంగా ఉన్న కొంతమందిని పరీక్షించి, నూటికి మధ్యలో ఉన్న 95 మందిని ఉంచి, అటూ ఇటూ మిగిలిన ఐదుగురినీ బయటపెట్టి గీసిన గీతలవి. ఆ ఐదుగురూ ఆరోగ్యవంతులే. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేస్తే, ఏ జబ్బూ లేని నూరుమందిలో 64 మందికి ఒక్క అంకైనా హద్దు దాటుతుంది. అందుకే 1969లో ఫిన్లాండు శాస్త్రజ్ఞులు గ్రాస్‌బెక్, సారిస్ ‘నార్మల్’ అన్న మాట వద్దు, ‘రెఫరెన్సు’ అందామన్నారు. రిపోర్టుల్లో మాట మారింది, మనసుల్లో మారలేదు.

మరికొన్ని గీతలు నిపుణులు కూర్చుని గీసినవి. పరగడుపు షుగరు 140 దాటితేనే జబ్బని నేను చాలా ఏళ్ళు రాశాను. 1997లో అమెరికా డయాబెటిస్ సంఘం దాన్ని 126కు దించింది. మా రిజిస్టరులో ఒక ఎలిమెంటరీ స్కూలు మాస్టారి అంకె ఏటా 130, 132, 131. పాత గీత ప్రకారం ఆయనకు జబ్బు లేదు, కొత్త గీత వచ్చిన రోజున ఉంది. ఆయన ఒంట్లో ఏమీ మారలేదు. కానీ ఆ కొత్త గీతే ఆయన కళ్ళు కాపాడిందని నా నమ్మకం, ఎందుకంటే ఆ ఏడే కంటి డాక్టరుకు చూపించుకుని జాగ్రత్తపడ్డారు. అందుకే పాత రిపోర్టులు పారేయవద్దంటాను. పక్కవాడి అంకెతో మన అంకెను పోల్చడంకన్నా మన నిరుటి అంకెతో పోల్చుకుంటే ఎక్కువ తెలుస్తుంది.

అంకె ఎంత బరువైందో ఉద్దానంలో చూశాను. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట వైపు ఒక వైద్య శిబిరానికి సాయంగా వెళ్ళాను. జీడితోటలు, కొబ్బరితోటలు, కన్నుల పండువైన ఊళ్ళు. మూత్రపిండాల జబ్బు పీడిస్తున్న ఆ ఊళ్ళల్లో క్రియాటినిన్ అన్న మాట చదువురాని వాళ్ళకు కూడా నోటికి తిరుగుతుంది. జీడిగింజలు కొట్టి నల్లబడ్డ చేతిని ముందుకు చాపి ఒకావిడ, ‘నాది రెండూ ఎనిమిది బాబూ, నిరుడు ఒకటీ తొమ్మిది’ అంది, పిల్లల వయసు చెప్పినంత మామూలుగా. మూత్రపిండాలు సగానికి సగం దెబ్బతిన్నాకగాని ఆ అంకె పెరగదు. అంటే మేం కొలిచేసరికే ఆలస్యం. అయినా ఆ ఊళ్ళల్లో ఏటా తీసే రక్తపుచుక్కకు ఒక ప్రశ్న ఉంది, దానికి జవాబు కోసం కాచుకున్న మనుషులున్నారు. అలాంటి ప్రశ్న బోదకాలు రాత్రులకూ ఉంది, ఆ ఏడో నెల గర్భిణికీ ఉంది. ఏ ప్రశ్నా లేకుండా ఎనభై అంకెలు కొనుక్కుని భయపడటం చూస్తే నాకు బాధగా ఉంటుంది.

మా అమ్మాయి హైదరాబాదు నుంచి నాకూ వాళ్ళమ్మకూ ఏటా పరీక్షలు బుక్ చేస్తుంది. ‘నాన్నా, రేపు పరగడుపున ఉండండి, ఆరున్నరకల్లా వస్తాడు’ అని రాత్రే ఫోను. మొన్న వచ్చిన కుర్రాడికి ఇరవై మూడేళ్ళుంటాయి. భుజాన ఐస్ పెట్టె, చేతులకు తొడుగులు. నరం ఒక్కసారికే దొరికింది. చెయ్యి మంచిది. ఊదారంగు మూత, బూడిదరంగు మూత, ఎర్ర మూత, ఒకదాని తర్వాత ఒకటి నింపుకున్నాడు. రంగులన్నీ ఇప్పుడు మూతల మీదికి ఎక్కాయి. ఊదా మూత సీసాను మాత్రం తొందరలో గబగబా ఊపాడు. అలా ఊపితే కణాలు పగులుతాయి.

‘మెల్లిగా, బాబూ. తిప్పు, ఊపకు’ అని ఆ సీసా చేతిలోకి తీసుకుని చూపించాను. తల కిందికి, మళ్ళీ పైకి. గాలిబుడగ ఆ చివరినుంచి ఈ చివరికి పూర్తిగా నడవాలి. ‘ఎన్నిసార్లండీ?’ అన్నాడు. ఎనిమిదన్నాను. మా ఆవిడ సీసా తీసుకుని కిటికీ వైపు తిరిగి, పెదవులు కదిలిస్తూ, ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.